గీకేసిన ముఖం

నా చిన్నప్పుడు, ఎనభైల మొదట్లో, మేం అమెరికాలో, షామ్‌బర్గ్ అనే ఊళ్లో ఉండేవాళ్లం. మా అమ్మ ఆసుపత్రిలో నర్సు. స్కూల్ అయ్యాక, అమ్మ డ్యూటీ నుంచి వచ్చేదాకా పక్కింటి తెల్లావిడ నన్ను చూసుకునేది. నేను ఆవిడని బామ్మా అని పిలిచేదాన్ని. అర్థం తెలియకపోయినా ఆవిడ పలికేది.

ఆవిడ దగ్గర ఒక రేకు డబ్బా నిండా మొదటి ప్రపంచయుద్ధం నాటి పోస్టుకార్డులు ఉండేవి. ఒకదాని మీద తెల్లబట్టల్లో నేలకొరిగిన నర్సు, ఆమె పక్కన పిస్తోలు పట్టుకున్న జర్మన్ అధికారి. జర్మన్లకు చిక్కకుండా సైనికుల్ని తప్పించినందుకు ఆమెను చంపేశారని బామ్మ చెప్పింది. ఆ బొమ్మలో నాకు మా అమ్మే కనిపించింది. కార్డు అడిగి తెచ్చుకుని, వంటింటి అల్మారాలో దేవుళ్ల పటాల పక్కన నిలబెట్టి, నర్సుకి కుంకుమ బొట్టు పెట్టాను. అక్కడితో ఆగినా బాగుండేది. పిన్నీసు తీసుకుని ఆ అధికారి ముఖం కనపడకుండా గీకేశాను. ఎంత కసిగా గీకానో నా వేళ్లకు ఇప్పటికీ గుర్తే.

మర్నాడు గొప్పగా తీసుకెళ్లి చూపించాను. బామ్మ ఆ గీతల్ని వేలితో తడిమింది. తర్వాత డబ్బా అడుగు నుంచి ఒక ఫొటో తీసింది. అందులో అదే యూనిఫాం వేసుకుని, చంకన చంటిపిల్లతో నవ్వుతున్న కుర్రాడున్నాడు. ఆయన వాళ్ల నాన్నట, చంటిపిల్ల తనేనట. చూసినవాళ్లకు రక్తం మరిగి సైన్యంలో చేరాలనే ఆ కార్డు బొమ్మ అలా గీశారనీ, చనిపోయిన నర్సు మాత్రం రెండు వైపుల వాళ్లకీ కట్లు కట్టిందనీ మెల్లగా చెప్పింది. తన నాన్నలాంటి వాళ్లను లోకం ఎలా చూసిందో మరిచిపోకూడదని ఆ కార్డులు దాచుకుందట. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అందుకే నాకు ఏడుపు ఆగలేదు.

సాయంత్రం అమ్మకి అంతా చెప్పాను. డ్యూటీ బట్టలైనా మార్చుకోకుండా కార్డు పట్టుకుని కూర్చుంది.

"నువ్వు గీకేసినాయన రేపు జ్వరంతో నా వార్డ్‌కి వస్తే ఏం చేయమంటావే?"

"మందివ్వు," అన్నాను.

ఆ కార్డుని బామ్మ తిరిగి తీసుకోలేదు. ఇప్పుడది మా ఇంటి పూజ అల్మారాలో ఉంది. బొట్టు ఎప్పుడో వెలిసిపోయింది. ఎవరి మీదో కోపం పుట్టించే బొమ్మలు ఫోన్‌లో వచ్చినప్పుడు, నాకూ ఒళ్లు మండుతుంది. అప్పుడు లేచి వెళ్లి, కార్డు మీద నేను గీకిన చోట మిగిలిన తెల్లమచ్చని చూస్తాను. అక్కడ ఒక మనిషి ముఖం ఉండేది. ఎలా ఉండేదో ఎంత ప్రయత్నించినా గుర్తు రాదు.