కెనడాకు ముందు చివరి ఎగ్జిట్

అమెరికా వచ్చాక రెడ్‌మండ్ లైబ్రరీలో ప్రాచీన సామ్రాజ్యాల అర మొత్తం చదివేశాను. నాది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయకూడదు. చదివింది బీకామ్. అయినా రోమన్ సైన్యం ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో ఎవరడిగినా చెప్పగలను. బండి లాగే ఎద్దుకు రోజూ మేత కావాలి. దూరం పెరిగేకొద్దీ మోసుకెళ్లే ధాన్యం దానికే సరిపోతుంది, సిపాయికి మిగలదు. అలాంటి చోట గోడ కట్టి, ఇదే మా హద్దు అనేవాళ్లు.

అసలు హద్దు కంటికి ఎలా ఉంటుందో చూడాలనిపించింది. రెండు గంటలు ఉత్తరానికి వెళితే కెనడా సరిహద్దు, దానికి ఇవతలే ఒక పార్కు. ఒక శనివారం పొద్దున మావారిని బయలుదేరదీశాను. ఆయన వీసా స్టాంప్ గడువు తీరిపోయింది, ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంది. దేశం దాటితే మళ్లీ రానిస్తారన్న నమ్మకం లేదు. మనం దాటడం లేదు కదా అన్నాను. ఎక్కడ పారేసుకుంటామోనని పాస్‌పోర్టులు జిప్ ఉన్న ఫైల్లో పెట్టి, ఇంట్లోనే సూట్‌కేసులో దాచి తాళం వేసి మరీ వచ్చాం.

దారంతా నేనే మాట్లాడాను. గెలిచేకొద్దీ కాపలా కాయాల్సిన పొడవు పెరుగుతుందని, ఆగాల్సిన చోటు దాటాక గానీ రాజులకు తెలిసేది కాదని చెబుతున్నాను. అడ్డొస్తోందని జీపీఎస్‌ను మ్యూట్ చేసింది కూడా నేనే.

"రోమన్లని కాసేపు ఆపి ఎగ్జిట్ ఏదో చూడు తల్లీ," అన్నారాయన.

"అయిపోవచ్చిందండీ, ఒక్క నిమిషం."

ఆ నిమిషంలోనే చివరి ఎగ్జిట్ దాటిపోయింది. ముందు కార్ల వరస, వెనక ఒక వ్యాను, ఇటూ అటూ సిమెంటు దిమ్మలు.

"యూ-టర్న్ ఎక్కడ చేసేవాళ్లో రాయలేదా నీ పుస్తకాల్లో?" అన్నారు. నవ్వలేదు.

పాస్‌పోర్టులు లేవనగానే కెనడా ఆఫీసరు ఒక కాగితం చేతికిచ్చి వెనక్కి పంపింది. ఇవతలి అమెరికా వైపు మమ్మల్ని ఒక హాల్లోకి రమ్మన్నారు. మావారిని లోపలి గదికి తీసుకెళ్లారు. నేను హాల్లోనే కుర్చీలో కూర్చున్నాను. అపార్ట్‌మెంట్‌లో పొయ్యి మీద పప్పు గిన్నె అలాగే ఉంది. ఇటు నుంచి ఇటే ఇండియాకు పంపేస్తే దాన్ని ఎవరు తీస్తారు? గోడ అవతల మిగిలిపోయిన మనుషులు ఏమయ్యారో నేను చదివిన పుస్తకాల్లో ఒక్కటైనా చెప్పినట్టు గుర్తుకు రాలేదు.

అక్కడి ఆఫీసరు ఒకతను నా దగ్గరికి వచ్చి, ఇంతదూరం ఎందుకొచ్చారని అడిగాడు. సరిహద్దు చూడడానికి అన్న మాట నాలుక దాకా వచ్చింది. ఆ హాల్లో అది ఎలా వినిపిస్తుందో అప్పుడే తెలిసింది. బీచ్‌కి వెళుతూ దారి తప్పామన్నాను. అతను రాసుకున్నాడు.

చాలాసేపటికి మమ్మల్ని వదిలేశారు. కొన్ని మైళ్లు వెళ్లాక మెల్లగా అడిగాను, ఎందుకొచ్చామంటే మీరేం చెప్పారని.

"ఉన్నదే చెప్పాను. మా ఆవిడ బోర్డర్ చూడాలందని. నువ్వు?"

చెప్పాను. ఆయన కారు పక్కకు తీసి ఆపారు. వాళ్ల కాగితాల్లో ఇప్పుడు మావి రెండు వేర్వేరు జవాబులు. ఎక్స్‌టెన్షన్ ఇంకా రాలేదు.