ప్రతిష్ఠించిన డేటాబేసు

ఆపదలో రక్తం కోసం మీరు ఫోన్ చేసిన మనిషి అసలు పుట్టనే లేదని తెలిస్తే ఎవరిని నిలదీస్తారు?

పోర్ట్ బ్లెయిర్‌లో మా తెలుగు చర్చివాళ్లు రక్తదాతల కోసం వెబ్‌సైట్ పెట్టాలనుకున్నారు. మంచి ఆలోచన. వానాకాలంలో ఓడా విమానమూ రెండూ ఆగిపోతే ఇక్కడ మనిషికి మనిషే దిక్కు. నేను ప్రార్థనకు వెళ్లను. దేవుడు లేడని ఆ చర్చి సంఘం యువజన సభల్లోనే వాదించి పెరిగినదాన్ని. అయినా రక్తం విషయం కాబట్టి నేనూ చేరాను.

సైటు తయారుచేసింది లంబాలైన్ పేటలో మా పక్కింటి అమ్మాయి. అది సరిగా నడుస్తుందో లేదో చూడటానికి తన లాప్‌టాప్‌లో ఉత్తుత్తి పేర్లు, నోటికొచ్చిన నంబర్లు నింపుకుంది. ప్రయోగానికి అదే పద్ధతి. జనానికి తెరిచేటప్పుడు మాత్రం సర్వర్ మీద ఖాళీ డేటాబేసు వేరుగా పెట్టి, నిజమైన దాతలనే ఎక్కించాలి. అది ఆమెకు తెలుసు.

ఈలోగా మెయిన్‌లాండ్ నుంచి ఒక పెద్ద బోధకుడు వచ్చాడు. ఆయన తిరుగు విమానం ఎక్కేలోపు సైటు ప్రతిష్ఠ జరిగిపోవాలన్నారు. కొత్త ఇల్లయినా, పడవయినా, ఆటో అయినా ప్రార్థించి ప్రతిష్ఠించడం మావాళ్ల ఆనవాయితీ. లాప్‌టాప్ మీద చేయి వేసి ప్రార్థించారు. తెర మీద కనిపించిన దాతల సంఖ్యను సంఘపెద్ద వేదిక మీంచి చదివాడు. చప్పట్లు మోగాయి. ఆ దాతలంతా లేని మనుషులే.

కొత్త డేటాబేసు పెట్టి పాతది తీసేస్తానని అమ్మాయి అనగానే సంఘపెద్ద అడ్డుపడ్డాడు.

"ఏటమ్మా, అయ్యగారు సెయ్యేసి ప్రార్థించినదాన్ని తుడిసేస్తావా? సోచ్‌కే, ఆలోసించి మాటాడు."

"అంకుల్, అవి నక్లీ పేర్లు. టెస్టింగ్ కోసం నేనే ఏసినాను."

"ఉండనీ. స్టేజి మీద సదివిన లెక్క తగ్గితే మన ఇజ్జత్ ఏటవుద్ది?"

నేను ఊరుకోలేకపోయాను. "పెద్దయ్యా, లేనోడి ఒంట్లోంచి రక్తం ఎలా తీస్తారు?"

"నువ్వు ప్రార్థనకే రావు. ప్రార్థించినదాని మీద నీ భాషణ్ ఏటి, దీదీగారూ?"

అందరూ నవ్వారు. ఆ నవ్వే తీర్మానమైంది. ప్రయోగపు డేటాబేసే ఉన్నదున్నట్టు సర్వర్‌కెక్కింది. సంఘంలోని నిజమైన దాతల పేర్లు ఆ ఉత్తుత్తి పేర్ల కింద వచ్చి చేరాయి.

జోరువానల్లో షాదీపూర్‌కు చెందిన ఒకామెకు కాన్పులో రక్తస్రావమైంది. అరుదైన గ్రూపు. ఆసుపత్రిలో నిల్వ లేదు. ఆ మధ్యాహ్నం కబురు తెలిసి నేను వెళ్లేసరికి, ఆమె భర్త వరండాలో ఫోన్‌లో మా సైటు తెరిచి నంబర్లు నొక్కుతున్నాడు. సైటులో ముందు చేర్చిన పేర్లే పైన కనిపిస్తాయి. ఏ నంబరు నొక్కినా, అలాంటి నంబరే లేదని హిందీలో రికార్డు గొంతు చెబుతోంది. ఒక్కటి మాత్రం కలిసింది. "రాంగ్ నంబర్, భయ్యా" అని ఎవరో పెట్టేశారు.

"దీదీ, ఒక్కడూ దొరకడేటి? అందరూ మనోళ్లే కదా?" అన్నాడతను.

నేను అమ్మాయికి ఫోన్ చేసి, కల్పించని పేర్లేవో అడిగాను. అమ్మాయి చెప్పినవాళ్లలో ఒకాయన మిన్నీ బే నుంచి తడిసి ముద్దయి పరుగున వచ్చాడు. ఆయన రక్తం ఎక్కించేలోపే ఆమె పోయింది. బిడ్డ బతికింది.

రక్తం ముందే అందితే ఆమె బతికేదా? డాక్టరు గట్టిగా చెప్పలేదు, నేనూ చెప్పను. తెలియనిదాన్ని తెలుసనడం నా పని కాదు. కానీ సమాధి దగ్గర సంఘపెద్ద "దేవుని చిత్తం" అన్నప్పుడు నా ఒళ్లు మండింది. ఆ నంబర్లు దేవుడు కల్పించలేదు. వాటిని ఉంచమన్నది మనిషి. ఉంచమన్నవాడే తప్పును పైవాడి మీదకు నెట్టేస్తున్నాడు.

అమ్మాయి ఎవరినీ అడగలేదు. మర్నాడు ఖాళీ డేటాబేసు పెట్టింది. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, పలికినవాళ్లనే ఎక్కించాం. లెక్క బాగా తగ్గింది. దాన్ని వేదిక మీద ఎవరూ చదవలేదు.

మీ చర్చికో గుడికో మసీదుకో కాలనీకో ఇలాంటి సైటు ఉంటే ఈ పుస్తకం పక్కన పెట్టి ఇప్పుడే తెరవండి. పైనున్న నంబర్లకు ఫోన్ చేయండి. పలకని పేరును తీసేయమని దాన్ని నడిపేవాళ్లను నిలబెట్టి అడగండి. తీసేసేదాకా అక్కడినుంచి కదలకండి.