అడగనని చెప్పి అడిగిన ప్రశ్నలు

ముందు నా తెలివితక్కువతనం చెబుతాను, తప్పు సంగతి తర్వాత. తెలివితక్కువవాణ్ణని ఒప్పుకోవడం తేలిక. రెండోది ఒప్పుకోవడానికే ఇన్నేళ్ళు పట్టింది.

ఆసిఫాబాద్ వైపు ఒక డిగ్రీ కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాను. బరువుకూ ద్రవ్యరాశికీ తేడా చెప్పీ చెప్పీ గొంతు అరిగినవాణ్ణి. గుండె మీద పెట్టుకుని మోస్తున్న ఈ ఒక్క బరువును ఎందులో కొలవాలో మాత్రం తెలియలేదు. ఇంట్లో చెప్పలేదు. మీకు చెబుతున్నాను, మీరు నా మొహం చూడలేరు గనుక.

నా తెలివితక్కువతనం ఇది. పరీక్ష పెట్టేది పిల్లలకు మార్కులు వేయడానికే అనుకున్నాను. పేపర్లు దిద్దడం, ఎక్కువ మార్కుల నుంచి తక్కువకు పేర్లు పిలిచి పంచడం, చివరివాళ్ళ మీద ఒక జోకు విసరడం, మర్నాడు తర్వాతి పాఠం. గ్రాఫు ప్రశ్న దగ్గర ఏటా క్లాసు క్లాసంతా ఖాళీ జాగా వదిలేసేది. ఏటా నేను సున్నా చుట్టేవాణ్ణి. బద్ధకం అనుకున్నాను. అంతమందికి ఒకేచోట బద్ధకం ఎలా వస్తుంది? ఆ ప్రశ్న నాకు నేను వేసుకోలేదు. వేసుకుని ఉంటే నాకూ సున్నాయే వచ్చేది.

అప్పుడు ఓదెలు వచ్చాడు. బొగ్గుగని కార్మికుడి కొడుకు, కాంట్రాక్టు లెక్చరర్. ఏడాదికోసారి పొడిగిస్తే ఉద్యోగం ఉన్నట్టు, లేదంటే లేనట్టు. మొదటి సంవత్సరం పిల్లల్ని రెండు సెక్షన్లు చేసి ఒకటి నాకు, ఒకటి అతనికి ఇచ్చారు. ఇద్దరిదీ అదే పాఠం, అదే పరీక్ష. ప్రశ్నపత్రం తయారుచేసేది మాత్రం శాఖలో పెద్దవాణ్ణిగా నేను.

మొదటి ఇంటర్నల్ పరీక్ష అయ్యాక అతను మార్కులు చదివి వినిపించలేదు. ఏ ప్రశ్న దగ్గర ఎంతమంది పడిపోయారో చూసుకున్నాడు. మర్నాడు ఆ గ్రాఫు ప్రశ్నను బోర్డు మీద రాసి, "ఇది మనందర్ని కొట్టింది. నన్ను గూడ. నేను చెప్పుడు కుదరలే," అన్నాడట. తర్వాతి పాఠం ఆపేశాడు. ఆసిఫాబాద్ నుంచి మంచిర్యాల దాకా బస్సు ప్రయాణాన్ని కాలం, దూరం గ్రాఫుగా గీయించాడు. ఆ వేళ నేను వరండాలో వెళ్తున్నాను. రెబ్బెన కాడ బస్సు ఆగితే గీత ఏమైతది అని అడుగుతున్నాడు.

"పండుకుంటది సార్!" అంది వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి.

"డ్రైవర్ చాయ్ తాగొచ్చి జోరుగ ఉరికిస్తే?"

"లేచి నిలవడ్తది సార్!"

లోపల గీత లేచి నిలబడింది. వరండాలో నేను కూలబడ్డంత పనైంది. ఇన్నేళ్ళలో నా క్లాసులో ఏ గీతా లేవలేదు. పిల్లలే మధ్యమధ్య లేచి నీళ్ళకు వెళ్ళేవాళ్ళు.

అసూయ మంటలా ఉంటుందంటారు. నాకు అలా లేదు. చెప్పులో దూరిన గులకరాయిలా ఉండేది. నడవొచ్చు, నవ్వొచ్చు, స్టాఫ్‌రూములో చాయ్ తాగుతూ అతన్ని మెచ్చుకోవచ్చు కూడా. కానీ వేసే ప్రతి అడుగూ దాని మీదే పడుతుంది. ఒకరోజు నా సెక్షన్ కుర్రాడొకడు, "సార్, మనం గూడ బస్సు గీద్దామా?" అన్నాడు. ఎంత మర్యాదగా అడిగాడో! ఇదేమన్నా డ్రాయింగు క్లాసా అని కసిరాను. నిజానికి నాకూ గీయించాలనే ఉంది. గీయిస్తే జుట్టు నెరిసినవాణ్ణి మీసం సరిగా రానివాడి దగ్గర నేర్చుకున్నట్టవుతుంది కదా? అతని పద్ధతి మంచిదని నాకు తెలియక కాదు. తెలిసే చేశాను. మీకు చెప్పాల్సింది అదే.

రెండో ఇంటర్నల్ ముందు ఓదెలు నా గదికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సార్, గ్రాఫుల కాడ్నే శాన దినాలు పట్టింది. మూడో యూనిట్ ఇంక మొదలువెట్టలే. ఈసారి టెస్టు రెండో యూనిట్ దాంకనే ఇస్తరా? పిల్లలకు పట్టు దొరికిందా లేదా ఎరుకైతది. మూడోది ఎనకనుంచి గుంజుకొస్త."

"ఇస్త తియ్."

"మీ సెక్షన్ల మూడోది అయిపోయినట్టున్నది గదా సార్?"

"అయితే అయింది. నువ్వు ఫికర్ జెయ్యకు తమ్మీ. మూడో యూనిట్ల ఒక్క ప్రశ్న గూడ అడగ."

"మీరున్నరనే ధైర్యం సార్," అన్నాడు.

తమ్మీ అని పిలిచాను, గమనించారా? మాట ఇచ్చినప్పుడు మోసం చేయాలని లేదు. లేదా? ఉందేమో. రాయడానికి కూర్చుంటే పెన్ను దానంతటదే మూడో యూనిట్ వైపు వెళ్ళిందని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. పెన్ను ఎక్కడికీ వెళ్ళదు, చెయ్యి తీసుకెళ్తుంది. సగానికి పైగా ప్రశ్నలు మూడో యూనిట్ నుంచే వేశాను. గ్రాఫు ఒక్కటీ వేయలేదు. వేస్తే అతని పిల్లలు గీసేస్తారు, నా పిల్లలు ఖాళీగా వదిలేస్తారు. అంటే ఎవరికి ఏది వచ్చో, ఏది రాదో నేనూ చక్కగా చూడగలనన్నమాట! పాఠం బాగుచేయడానికి అతను వాడిన చూపునే, అతన్ని పడగొట్టడానికి నేను వాడాను.

అతని సెక్షన్ కుప్పకూలింది. నా సెక్షన్ బట్టీ కొట్టిన మూడో యూనిట్‌తో గట్టెక్కింది. మీటింగులో ప్రిన్సిపాల్ రెండు సెక్షన్ల ఫలితాలూ పక్కపక్కన పెట్టి, "ఓదెలూ, గీతలు గీసుకుంట కూసుంటె సిలబస్ ఎవరు జేస్తరయ్యా?" అన్నారు. ఓదెలు నావైపు చూశాడు. పెద్ద సారు మాటిచ్చిండు అని ఒక్క ముక్క అంటే నా పని అయిపోయేది. అనలేదు. "నా అంచనా తప్పింది సార్," అన్నాడు. నేను పళ్ళెంలోంచి బిస్కెట్ తీసుకున్నాను. ఆకలి లేదు. ఎందుకు తీసుకున్నానో ఇప్పటికీ తెలియదు.

ఇచ్చిన మాట నేను మరిచిపోయాననుకున్నాడా? లేక అన్నీ అర్థమై, పెద్దవాణ్ణని వదిలేశాడా? రెండోది అయితే ఇంకా కోపం నాకు.

ఆ ఏడాది చివర అతనికి పొడిగింపు రాలేదు. ఫలితాలు బాగాలేవన్నది కారణం. మూల్యాంకనానికి ప్రశ్నలు నేను వేశాను, మూల్యం అతను చెల్లించాడు. మరుసటి ఏడు రెండు సెక్షన్లూ నాకే వచ్చాయి, గ్రాఫు దగ్గర మళ్ళీ ఖాళీ జాగాలే. ఈసారి బద్ధకం అనుకునే వీలు కూడా లేదు. ఒకరోజు తలుపు మూసుకుని బస్సు గీయించాను. పిల్లలు బ్రహ్మాండంగా గీశారు. ఒళ్ళు మండిపోయింది.

ఇదీ పాత తప్పు. చెప్పేసరికి ఛాతీలో కాస్త గాలి ఆడుతోంది. క్షమించమని అడగను. అడగాల్సిన మనిషి మీరు కాదు, ఆ మనిషిని అడిగే ధైర్యం నాకు లేదు. లేదని ఎలా తెలుసంటే, అవకాశం వచ్చింది గనుక.

మొన్నీమధ్య కరీంనగర్‌లో లెక్చరర్లకు శిక్షణ అన్నారు. పరీక్ష ఫలితాలు చూసి పాఠం ఎలా మార్చుకోవాలి అన్నది విషయం. వెళ్తే వేదిక మీద ఓదెలు. ఇప్పుడు అక్కడే ఒక కాలేజీలో పర్మనెంటు. జుట్టు పలచబడింది. దానికి సంతోషించాను. నన్ను చూసి కిందికి దిగివచ్చి, చేతులు పట్టుకుని, "మా పెద్ద సారు. పని నేర్సుకున్నది గీ సారు కాడ్నే," అని అందరికీ చెప్పాడు. ఆ క్షణంలో చెప్పేద్దామనుకున్నాను. నిజంగా నోటిదాకా వచ్చింది. అంతలో హాలు చప్పట్లు కొట్టింది. అతనికే.

పాఠం అద్భుతంగా చెప్పాడు. చివర చీటీలు పంచి, ఏం అర్థమైందో ఏం కాలేదో పేరు లేకుండా రాయమన్నాడు. బయటినుంచి బగార అన్నం వాసన వస్తోంది. అందరూ "బాగుంది" అని గబగబా రాసి ఇచ్చేశారు. నేను, "ఒక్క ముక్క అర్థం కాలేదు," అని రాశాను.

ఇన్నేళ్ళకు నేను తీర్చుకున్న పగ అంతే. నాకు ఏ అపకారమూ చేయనివాడి మీద పగేమిటని మాత్రం అడగకండి.

ఓదెలు చీటీలు ఒక్కొక్కటే చూస్తూ నాదాని దగ్గర ఆగాడు. ముఖం వెలిగింది.

"ఒక్కరికి అర్థం గాలేదట. మంచిగ జెప్పిన్రు. నా చెప్పుట్ల ఏదో తప్పున్నట్టే. కూసోండ్రి, ఇంకో తీరుగ చెప్త," అని చాక్‌పీసు అందుకున్నాడు.

లేచినవాళ్ళంతా ఉసూరుమని కూర్చున్నారు. నా పక్కాయన పళ్ళు నూరుతూ, "ఎవడయ్యా వాడు, అన్నం సల్లారవెట్టిండు," అన్నాడు.

"ఏం మనుషులో ఏమో," అన్నాను నేను, అందరికంటే గట్టిగా.