ఆకు రాయి దాటేలోపు

పచ్చి మామిడికాయ తొడిమ విరిచినప్పుడు చివ్వున చిమ్మే సొన వాసన నాకు ఇప్పటికీ పడదు. అశ్వారావుపేట సంతలో ఆవకాయకు కాయలు కొట్టించే రోజుల్లో, కత్తుల ముందు వరుసకట్టిన జనమంతా ఆ వాసనకు నోరూరించుకుంటుంటే, నేను సంచీ మా ఆవిడ చేతికిచ్చి మోటార్ సైకిల్ దగ్గరికి వచ్చి నిలబడతాను. పడదంటే ఒంటికి పడక కాదు. ఆ వాసన రాగానే ఒక పన్నెండేళ్ళ పిల్లవాడి పెదవి మూల, సొనకు కాలి నల్లబడ్డ మచ్చ నా కళ్ళ ముందుకొస్తుంది. ఆ మచ్చకు కారణం నేను.

మా తాత కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి అడవి అంచున పొలాలు కొనుక్కున్న కుటుంబం మాది. మా చేలకూ అడవికీ మధ్య ఒక వాగు, వాగు అవతల కోయగూడెం. వేసవి సెలవులు వచ్చాయంటే నేను ఇంటిపట్టున ఉండేవాణ్ణి కాదు. తెల్లవారేసరికి చెట్ల కింద ఇప్పపూలు పరుచుకుని, ఎండ ఎక్కేకొద్దీ వాటి తీపి వాసన అడవంతా కమ్ముకునేది. గూడెం ఆడవాళ్ళు వాటిని బుట్టల్లోకి ఏరి ఇళ్ళ ముందు ఎండబోసేవాళ్ళు. తునికి పండ్లు చప్పరించి గింజలు ఉమ్ముకుంటూ, మొర్రిపండ్ల కోసం పొదల్లో మోకాళ్ళు గీచుకుంటూ, జోగయ్యా నేనూ పొద్దస్తమానం వాగు వెంట తిరిగేవాళ్ళం. జోగయ్య వాళ్ళ నాయన మా పొలంలో నాగలి పట్టేవాడు. పండగలొస్తే గూడెంలో డోలు కొట్టేది ఆయనే.

ఆ ఏడు మేము కనిపెట్టిన ఆట మాంత్రికుల యుద్ధం. వాగు మధ్యలో ఎదురెదురుగా రెండు పెద్ద బండరాళ్ళుండేవి. ఒక్కో రాయి మీద ఒక్కో మాంత్రికుడు. కర్రలు లేవు, కలబడటం లేదు, ఉన్నదంతా మాటే. ఒకడు మంత్రం వదిలి ఒక ఎండు టేకాకును నీళ్ళలో వేస్తాడు. ఆ ఆకు తేలుతూ పోయి దిగువనున్న గుండ్రాయిని దాటేలోపు రెండోవాడు విరుగుడు చెప్పాలి. చెప్పలేకపోతే ఓడినట్టు. ఓడినవాడు గెలిచినవాడి ఆజ్ఞ ఒకటి, అది ఏదైనా సరే, పాటించి తీరాలి.

నా మాంత్రికుడు ఇల్లందు నుంచి వచ్చాడు. మా మేనమామ ఇంటికి వెళ్ళినప్పుడు అక్కడ రాత్రింబగళ్ళు రాజుకునే బొగ్గు కుప్పలు చూసి వాణ్ణి తయారు చేశాను. వాడి జడల్లో నిప్పురవ్వలు, వాడు దగ్గితే పొగ, వాడు అడుగు వేసిన చోట నేల కాలి నల్లబడేది. జోగయ్య మాంత్రికుడేమో ఒట్టి ముసలాయన. ఒంటి మీద గోచీ, చెవిలో సగం కాల్చిన చుట్ట, అంతే.

"నావాడు నిప్పుల వాన కురిపించాడు! నీ ముసలోడి గుడిసె భస్మం!" అని నేను గొంతు చించుకునేవాణ్ణి. ఆకు సగం దూరం పోయేదాకా జోగయ్య కాళ్ళు ఊపుకుంటూ కూర్చుని, "మా ముసలోడు పొద్దుగాల్నుంచి అగ్గిపెట్టె దేవులాడుతుండు. ఒక రవ్వ పట్టుకొని చుట్ట ముట్టిచ్చుకుండు. మీవానికి దండం పెట్టమన్నడు" అనేవాడు.

వెయ్యి తలల పామును పంపితే, "ఏ తలకాయ ముందుగాల తినాల్నని గవిట్ల నడుమ కొట్లాట పెట్టిండు. ఇంకా కొట్టుకుంటనే ఉన్నయ్, పోయి ఇడిపించుకో" అన్నాడు.

నాకు నవ్వొచ్చేది, వెనకే ఒళ్ళు మండేది. నేను ఓడిన ప్రతిసారీ వాడు చెప్పే ఆజ్ఞలు కూడా ఏమంత పెద్దవి కావు. కప్పలా గెంతమనేవాడు, వాళ్ళ మేకకు నమస్కారం పెట్టమనేవాడు. అయినా మా నాన్న పొలంలో పనిచేసే మనిషి కొడుకు రోజూ నన్ను ఓడించడం నాకు సహించలేదు. అప్పుడు ఆ మాట నాకు నేను ఇలా చెప్పుకోలేదు, కానీ ఉన్న మాట అదే.

ఒక ఉదయం వాడికంటే ముందే వచ్చి వాగులోకి దిగాను. ధారకు అడ్డంగా ఉన్న రాయినొకదాన్ని రెండు చేతులా పక్కకు జరిపాను. నీళ్ళు సూటిగా, చురుగ్గా సాగాయి. జోగయ్య వచ్చి కూర్చున్నాక మంత్రం వదిలాను. "నావాడు నీ ముసలోడి నోరు కట్టేశాడు. ఇక ఒక్క మాట పెగలదు." ఆకు వేశాను. జోగయ్య తల గోక్కుని, నవ్వి, నోరు తెరవబోయేసరికి ఆకు గుండ్రాయి దాటిపోయింది.

ఒడ్డున మామిడిచెట్టు కొమ్మ చేతికందేంత కిందికి వాలి ఉంది. "ఆ కాయ కోసి తిను" అన్నాను.

గూడెంలో ఒక కట్టు ఉండేది. ఏ పంటైనా, ఏ కాయైనా, కొత్త పండగ చేసి వేల్పుకు పెట్టాకే ఎవరైనా నోట పెట్టుకోవాలి. మామిడికాయల కొత్త ఇంకా నాలుగు రోజులుంది. ఆ పండగకు జోగయ్య మొదటిసారి వాళ్ళ నాయన పక్కన నిలబడి చిన్న డోలు కొట్టాల్సి ఉంది. దానికోసం నెలల తరబడి ఖాళీ కిరసనాయిలు డబ్బా మీద చేతులు వాచేలా సాధన చేశాడు. ఇదంతా తెలియక చేశానని చాలా ఏళ్ళు నన్ను నేను నమ్మించుకున్నాను. తెలుసు.

"కొత్త కాలే సీనూ. ఇంకోటి ఏదన్న చెప్పు. నిన్ను ఎత్తుకొని బడి దాంక ఉరుకుత" అన్నాడు జోగయ్య.

"మాంత్రికుడు మాట తప్పుతాడా?" అన్నాను.

వాడు నీళ్ళవైపు కాసేపు చూశాడు. తరవాత లేచి కాయ కోసి తొడిమను పళ్ళతో కొరికాడు. సొన చిమ్మి పెదవి మూల పడింది. మొహం కూడా చిట్లించకుండా టెంక దాకా తిన్నాడు.

పండగ రోజున మా అమ్మ బెల్లం ముద్ద చేతికిచ్చి గూడెంలో ఇచ్చి రమ్మంది. చూరులకు మామిడాకులు వేలాడుతున్నాయి. వేయించిన ఇప్పపూలను రోట్లో దంచుతున్న వాసన దారిపొడవునా ఉంది. పూజ చేసే పెద్దాయన ముందు జనమంతా గుమిగూడి ఉన్నారు. ఆయన జోగయ్య గడ్డం పట్టుకుని మొహం వెలుగులోకి తిప్పి చూస్తున్నాడు. మచ్చ అప్పటికి పొక్కు కట్టి నల్లగా ఉంది.

"ఎవడన్న తినిపిచ్చిండారా?" అని వాళ్ళ నాయన అడిగాడు.

"లేదు నాయనా. నేనే తిన్న. ఆకలైంది."

పెద్దాయన కోప్పడలేదు. "ఏం గాదు బిడ్డా. ఈ ఏడు డోలు ముట్టకు. వచ్చే ఏడు కొడుదువు" అని వాడి భుజం మీది చిన్న డోలు తీసి గుంజకు తగిలించాడు. జోగయ్య ఒక్కసారి నావైపు చూశాడు. నా అరచేతిలో బెల్లం కరిగి వేళ్ళ సందుల్లోంచి జిగురుగా కారుతోంది. నన్నెవరూ ఏమీ అడగలేదు. వాళ్ళకు పనిచ్చే రైతు కొడుకుని, ఎవరడుగుతారు? నేను బెల్లం ఇచ్చి ఇంటికి వచ్చేశాను.

మర్నాడు వాగు దగ్గరికి వచ్చి తన రాయి మీద కూర్చుని, "మా ముసలోడు సచ్చిపోయిండు" అన్నాడు జోగయ్య. ఎలా అని అడిగాను. "ముసలోడే గదా. పోయిండు" అన్నాడు. మా యుద్ధం అక్కడితో ముగిసింది. మరుసటేడు వాళ్ళ నాయన ఇల్లందు బొగ్గు పనికి వెళ్ళాడు. ఆ పండగకు సెలవు దొరకలేదు, ఆ పై పండగకూ దొరకలేదు. తండ్రీకొడుకులు పక్కపక్కన డోలు కొట్టే రోజు ఆ గూడెంలో రానేలేదు.

మొన్న వేసవిలో జోగయ్య గూడేనికి వచ్చాడని తెలిసి వెళ్ళాను. వాడు ఆశ్రమ పాఠశాలలో పంతులు, త్వరలో రిటైరవుతాడు. ఇద్దరం వాగుదాకా నడిచాం. మా చేలల్లో ఇప్పుడు పామాయిల్ తోటలు, వాటి కింద ఎండ కూడా సరిగా పడదు. మామిడిచెట్టు లేదు. మాంత్రికులు కూర్చున్న రాళ్ళను రోడ్డు వేసినప్పుడు కంకర కొట్టారు. వాగు మీద కల్వర్టు, దాని కింద ఇసుకలో ట్రాక్టర్ చక్రాల జాడలు. ఆ కల్వర్టు గోడ మీద కూర్చుని, ఇన్నేళ్ళుగా గొంతులో ఉన్నది చెప్పాను. రాయి నేనే జరిపానని.

"ఎరికే" అన్నాడు. "గా దినం నీ మోకాళ్ళ దాంక బురద ఉండె."

"మరెందుకు తిన్నావురా?"

"ఆకు దాటింది గదా. మాట మాటే." నావైపు తిరిగాడు. "రాయి జరిపితే జరిపినవ్. బెల్లం పట్టుకొని నిలబడ్డవ్ చూడు. ఒక్క మాట చెప్తవేమోనని నిన్నే చూసిన."

ఆ రోజు చెప్పలేకపోయానని అన్నాను. వాడు పర్వాలేదు అనలేదు, అనాలని నేనూ ఆశించలేదు. చాలాసేపటికి కింది ఇసుకవైపు చూస్తూ నవ్వాడు.

"గా మంత్రానికి విరుగుడు నా నోట్ల వరకు వచ్చింది తెల్సా? నోరు కడితే ఏంది, మా ముసలోడు డోలు కొట్టి మాట్లాడతడు అందామనుకున్న."

అని, కల్వర్టు గోడ మీద రెండు అరచేతులతో మెల్లగా వాయించాడు. కింద ఆకు వేయడానికి నీళ్ళు లేవు. వాడు ఆపేదాకా నేను వింటూ కూర్చున్నాను.