నా ఒక్కదానికే వేడన్నం

ఆదివారం కొత్తపేట రైతుబజార్ నుంచి రాగానే వారానికి సరిపడా అన్నం వండేస్తాను. పెద్ద పళ్ళాల్లో పరిచి, ఫ్యాన్ కింద ఆవిరి పోనిచ్చి, కవర్లలో పలుచగా సర్ది డీప్‌ఫ్రిజ్‌లో పెడతాను. మా ఆయన దీన్ని నా ప్రయోగశాల అంటారు. అననివ్వండి. పాత బియ్యమైతే వేడి చేశాక మెతుకు మెతుకు విడిపోతుందనీ, కొత్త బియ్యమైతే ముద్ద కడుతుందనీ, ఓవెన్‌లో పెట్టేముందు కాసిని నీళ్ళు చిలకరించి మూత పెట్టకపోతే అంచులు అప్పడాల్లా ఎండుతాయనీ నాకు ఎవరూ చెప్పలేదు. చెడగొట్టుకుంటూ నేర్చుకున్నాను. ఆ సరదా నాకుంది.

ఇదంతా మొదలుపెట్టింది మాత్రం మా అత్తగారి మోకాళ్ళ కోసం. నేను ఆఫీసు నుంచి మెట్రో ఎక్కి ఇల్లు చేరేసరికి ఎనిమిదవుతుంది. అందాకా ఆవిడ స్టవ్ దగ్గర నిలబడకుండా ఉంటే చాలని నా ఆశ.

ఆవిడది తెనాలి వైపు, ఏ పూటకాపూట వండుకునే అలవాటు. వద్దంటారేమో అనుకున్నాను. అనలేదు. కొడుక్కీ మనవరాలికీ ఆ అన్నమే వేడి చేసి పెట్టేవారు, తనూ అదే తినేవారు. కానీ నేను మెట్లెక్కుతుంటే కుక్కర్ కూత వినిపించేది. నా ఒక్కదానికి గుప్పెడు బియ్యం కొత్తగా వండేవారు!

నాకిది అంతుపట్టలేదు. మంచిది కాదనుకుంటే కన్నకొడుక్కెలా పెడుతున్నారు? మంచిదే అయితే నాకెందుకు పెట్టరు? అడిగితే, "అలిసిపోయొచ్చావు, తిను అమ్మాయ్" అని మాట దాటేసేవారు. గోడ పట్టుకుని నడిచే మనిషి నాకోసం నిలబడి వండుతుంటే ఆ వేడన్నం తినాలనిపించేది కాదు. కోపం కూడా వచ్చేది.

ఒక ఆదివారం కింది వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ మా గిన్నె ఇచ్చిపోవడానికి వచ్చి, నేను సర్దుతున్న కవర్లు చూసింది.

"గిదేందమ్మా, అన్నం పలకల్లెక్క చేసినవ్?"

"చద్దన్నమే అనుకోండి, ఐసులో పెడతాను" అన్నాను.

"సద్దా? మంచిదే గదమ్మా! మా అవ్వ పొద్దుగాల్నే వండి పొలంకాడికి సద్ది కట్టుకపోతుండె. అందరు కూసోని తింటుండిరి."

ఆవిడ వెళ్ళాక నేను ఉత్సాహంగా అత్తగారితో అన్నాను. "చూశారా అత్తయ్యా, వీళ్ళకి చద్ది అన్న మాటే ఎంత ముద్దో!"

ఆవిడ పప్పులో రాళ్ళేరుతున్నారు. తలెత్తలేదు.

"వాళ్ళందరూ కలిసి తిన్నారు కాబట్టి ముద్దు. మా అత్తారింట్లో చద్దన్నం కోడలికే. పొద్దున్నే లేచి అందరికీ పొగలు కక్కే అన్నం వండేదాన్ని. రాత్రి మిగిలింది నా కంచంలోకి. వేడన్నం వాసన చూడ్డమే నా వంతు." ఓ రాయి తీసి పక్కన పెట్టి అన్నారు, "నా ఇంట్లో కోడలు అది తినడం నేను చూడలేనమ్మా."

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళూ దీన్ని ఆవిడ మొండిపట్టుదల అనుకున్నాను. పక్కన కూర్చుని నేనూ రాళ్ళేరాను. ఏరుతూనే అడిగాను.

"పోనీ, అందరం ఒక్కసారే కూర్చుని అదే తింటే?"

ఆవిడ ఏరిన పప్పు గిన్నెలోకి ఒంపారు.

మర్నాడు మెట్లెక్కుతుంటే కూత వినిపించలేదు. పాపా ఆయనా ఆకలని నసుగుతూ బల్ల దగ్గర ఉన్నారు. అప్పటిదాకా ఎవరికీ పెట్టలేదట. నేను చేతులు కడుక్కుని రాగానే అత్తగారు ఓవెన్‌లోంచి గిన్నె తీశారు. నాలుగు కంచాల్లోనూ అదే అన్నం, మొదట నాకే వడ్డించారు. తర్వాత తనూ కూర్చున్నారు. ఆయన చెయ్యి చాపబోతే, "ఆగరా, ముందు కోడల్ని తిననీ" అని కసిరారు.

నేను మొదటి ముద్ద మింగేదాకా ఆవిడ తన కంచంలో చెయ్యి పెట్టలేదు.