పిన్నిగారి వంటింట్లో బాతుగుడ్లు

పెందుర్తిలో మేము అద్దెకుండే ఇంటికి కింద వాటాలో ఇంటావిడ ఉంటారు. భర్తకు ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం రావడంతో గోదావరి జిల్లా నుంచి ఈ ఊరొచ్చి స్థిరపడిన మనిషి. ఆయన పోయాక వీధివైపు గదిలో కర్రీ పాయింట్ పెట్టుకున్నారు. నేను ఆవిణ్ని పిన్నిగారని పిలుస్తాను. వండేటప్పుడు ఆవిడ ఏదీ రుచి చూడరు. మూత తీసి, ఆవిరి మీదకు వంగి, ఉప్పు తగ్గిందో పులుపు ఎక్కువైందో చెప్పేస్తారు. అది ఆవిడకు చిన్న గర్వం కూడా.

ఆ వానాకాలం పిన్నిగారికి జ్వరం వచ్చింది. తగ్గగానే మళ్ళీ పొయ్యి వెలిగించారు. మధ్యాహ్నం నేను బట్టలు ఆరేయడానికి మేడెక్కుతుంటే మాడు వాసన మెట్లదాకా కొట్టింది. కిందికి వెళ్ళేసరికి, రోజూ కూర తీసుకెళ్ళే రిటైర్డ్ మాస్టారు పప్పు పొట్లం పట్టుకుని నిలబడి ఉన్నారు. అడుగంటినట్టుందమ్మా అని నెమ్మదిగా చెప్పి, పొట్లం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. పిన్నిగారు దాన్ని విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. మళ్ళీ మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత షట్టర్ దించేశారు.

అడిగినవాళ్ళందరికీ గ్రైండర్ పాడైందని చెప్పారు. మర్నాడు నేను వెళ్ళేసరికి వంటింట్లో పీట మీద కూర్చుని, ఇంగువ డబ్బా ముక్కుకు ఆనించుకుని ఉన్నారు.

"ఏం రావట్లేదమ్మా. ఇంగువ కూడా రావట్లేదు," అన్నారు.

జ్వరం తర్వాత కొందరికి ఇలా అవుతుందని, తిరిగొస్తుంది గానీ ఎప్పుడో చెప్పలేమని డాక్టరు అన్నారట. మీరు వండండి, వాసన నేను చూసి చెబుతానన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. ఇంకొకరి ముక్కుతో తను వండడమేమిటన్నారు. అన్నం గడ్డిలా ఉందని ఒక పూటే తినేవారు. మనిషి చిక్కిపోయారు.

అలాంటి రోజుల్లో ఆవిడ తమ్ముడు ఊరి నుంచి బాతుగుడ్లు తెచ్చాడు. మామూలుగా అయితే అదే రోజు పులుసు పెట్టేవారు. ఈసారి అట్టపెట్టె కూడా విప్పకుండా నాకిచ్చేశారు. నేను పుట్టింది సముద్రం ఒడ్డున, చేపల వాళ్ళింట్లో. ఎండుచేపల మధ్య పెరిగినా బాతుగుడ్డు వాసన మాత్రం నాకు పడదు. కాని నేను ఇంట్లో కేకులు చేసి అమ్ముతాను. గుడ్లు పారేయడానికి చేతులు రాలేదు. బాతుగుడ్లతో కేకు బాగా పొంగుతుందని ఎవరో చెప్పగా విన్నాను. ఆవిడకు కాస్త తోడుగా ఉంటుందని గిన్నె, పంచదార, ఓవెన్ అన్నీ కిందికే మోసుకెళ్ళాను.

గుడ్లు కొట్టి గిన్నెలో పోస్తే పచ్చసొనలు పెద్దపెద్దగా, నారింజ రంగులో నిలబడ్డాయి. తెల్లసొన చిక్కగా ఉండి ఎంతకీ నురగ రాలేదు. గిలకొట్టినకొద్దీ నీచు పైకి తేలింది. నేను చున్నీ ముక్కుకు చుట్టుకున్నాను. అది చూసి పిన్నిగారు గిన్నె తన ముందుకు లాక్కున్నారు. వాసన రాని మనిషికి ఇబ్బందేముంది, ఇటివ్వమన్నారు.

నేను కమలాతొక్క తురుముతున్నాను. ఉన్నట్టుండి గిలకొట్టే చప్పుడు ఆగింది. చూస్తే ఆవిడ తల గిన్నె మీదకు వంచి ఉన్నారు.

"అమ్మాయ్, ఇది నీచు వాసనేనా?"

"అవును పిన్నిగోరూ. నీసే. మీకు వత్తందా?"

ఆవిడ గిన్నె ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చుండిపోయి, కళ్ళు మూసుకుని పీలుస్తూనే ఉన్నారు. చెంపలు తడిశాయి. నేను చున్నీ తీసేసి పక్కన కూర్చున్నాను.

నురగ వచ్చేదాకా ఇద్దరం వంతులేసుకుని గిలకొట్టాం. కేకు పసుప్పచ్చగా, దూదిలా వచ్చింది. నీచు జాడే లేదు. ఆవిడకు కమలా వాసన తెలియలేదు, వెనీలా తెలియలేదు. మెత్తగా బాగుందంటూ రెండో ముక్క మాత్రం తీసుకున్నారు. ఆ సాయంత్రమే మిగిలిన గుడ్లు ఉడకబెట్టి, గాట్లు పెట్టి, పసుపు నూనెలో వేయించి పులుసు పెట్టారు. చింతపండు తెలియడం లేదని, గుడ్డు మాత్రం ఎక్కడో దూరం నుంచి తెలుస్తోందని చెప్పారు. ఆ రాత్రి కడుపు నిండా తిన్నారు.

తర్వాత వాసనలు ఒక్కొక్కటిగా వచ్చాయి. ముందు వేగే ఉల్లిపాయ, చాలా రోజులకు కరివేపాకు. అన్నీ వచ్చేదాకా ఆగకుండా కొట్టు తెరిచారు. పొద్దున్నే నన్ను పిలిచి గరిటెలో కాస్త పోసి, చూడమ్మా అంటారు. మొదట్లో ఆ మాట అనడానికి ఆవిడకు ఎంత కష్టమయ్యేదో ముఖంలో తెలిసేది. ఇప్పుడు నేను ఆలస్యమైతే కోప్పడతారు.

కాఫీ వాసన మాత్రం ఇంతవరకూ రాలేదు. తమ్ముడు తెచ్చేవి చాలక అప్పుడప్పుడు పూర్ణా మార్కెట్‌కు మనిషిని పంపి బాతుగుడ్లు తెప్పిస్తున్నాం. ఆదివారాలు ఆవిడ పులుసు పక్కనే నా కేకు ముక్కలు కూడా పెడుతున్నారు. బాతుగుడ్లతో చేసిందని కొనేవాళ్ళకు ముందే చెబుతాం. కొందరు మొహం చిట్లించి పులుసు మాత్రం కట్టించుకుంటారు. మాస్టారు రెండూ తీసుకెళతారు.