మైకు మావ గొంతు ఇంకా ఓట్లడుగుతోంది

మైకు మావ పోయాడు. మా ఊళ్లో ఎవరు పోయినా ఆ కబురు వీధివీధికీ చెప్పేది ఆయనే. ఆయన పోయిన కబురు చెప్పే మైకు మాత్రం లేక, పలాస నెట్ సెంటర్‌లో కూర్చున్న నాకు ఫోనులో తెలిసింది. ఈ బ్లాగులో ఎప్పుడూ రాష్ట్ర రాజకీయాల మీద విరుచుకుపడే నేను, ఈ ఒక్కసారి రాజకీయం ఊసెత్తకుండా రాద్దామనుకున్నాను. కుదరలేదు. ఎందుకు కుదరలేదో చదివితే మీకే తెలుస్తుంది.

మాది సోంపేటకీ కవిటికీ మధ్య కొబ్బరితోటల్లో ఉన్న ఊరు. మావ నాకు చుట్టం కాదు, ఊరందరికీ మావే. ఆటో మీద బేటరీతో నడిచే గొట్టం మైకు కట్టుకుని తిరిగేవాడు. సముద్రంలోకి వేటకెళ్లొద్దన్నా, పోలియో చుక్కలన్నా, రేషన్ కిరసనాయిలు వచ్చిందన్నా ఆయన గొంతే. ఏం చెప్పినా చివర్న తన మాట ఒకటి కలిపేవాడు: "పిల్లలూ, ఆటో ఎనకాతల పరిగెట్టకండి, పడిపోతారు." ఎన్నికలొస్తే అన్ని పార్టీలూ ఆయన్నే పిలిచేవి. పొద్దున ఒక జెండా, సాయంత్రం ఇంకో జెండా. ఇంతకీ నీదే పార్టీ మావా అని మేం ఏడిపిస్తే, "నాది బేటరీ పార్టీరా" అనేవాడు.

నేను రాయడం నేర్చుకున్నది కూడా ఆ ఆటోలో ఆయన పక్కన కూర్చునే. "ఊరికి సెప్పీటప్పుడు పొట్టి మాటలు సెప్పాల. గాలొచ్చిందంటే పొడుగు మాట సగం ఎగిరిపోద్ది" అనేవాడు. నా బ్లాగు సంగతి చెబితే, మనూళ్లో అది చదివేవాళ్లు ఎవరున్నారని అడిగాడు. ఎవరూ లేరన్నాను. అయితే ఎవరికి చెబుతున్నావని నవ్వాడు.

ఒక ఎన్నికల్లో మా నియోజకవర్గం నాయకుడు ఇంటింటికీ కుళాయి ఇస్తానన్నాడు. మా ఉద్దానం ప్రాంతంలో నీళ్ల గురించి ఊరికే మాట ఇవ్వకూడదు. ఇక్కడ ఏ వీధికెళ్లినా కిడ్నీ జబ్బుతో మంచం పట్టిన మనిషి కనబడతాడు. నీళ్ల వల్లేనని జనం అనుమానం. ఎందువల్లో తేల్చి చెప్పిన నాథుడు లేడు. నాయకుడు గెలిచాక రోడ్డు పక్కన పైపులు దించారు. అవి అక్కడే ఉండిపోయాయి, వాటి నీడన మేకలు పడుకునేవి.

ఎండలు ముదిరాక ఆడవాళ్లు ఖాళీ బిందెలు తీసుకుని బయల్దేరారు. వెళ్లింది నాయకుడింటికి కాదు, మావ ఇంటికి. కుళాయి ఇస్తామన్న మాట వాళ్లు విన్నది ఆయన నోటి నుంచే మరి. ఎవరో రాసిచ్చిన కాగితం చదివానని ఆయన అనొచ్చు. అనలేదు. గుమ్మంలో తల వంచుకుని నిలబడ్డాడు. "సెప్పింది నానే. నానే అడుగుతాను" అన్నాడు.

అడగడానికి నాయకుడి ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగాడు. టీ ఇచ్చి కూర్చోబెట్టేవారు, సారు హైదరాబాదులో ఉన్నారని పంపేసేవారు. ఈలోగా మళ్లీ ఎన్నికలొచ్చాయి, అదే నాయకుడు మా ఊళ్లో సభ పెట్టాడు. జనాన్ని పోగుచేసే పని ఎప్పట్లాగే మావది. మైకు నాయకుడి చేతికిచ్చే ముందు తన నోటి దగ్గరే పెట్టుకున్నాడు. "బాబుగారు కిందటిసారి ఇక్కడే కుళాయిలిత్తామన్నారు. ఆ మాట నాసేత సెప్పించినారు. అయి ఏటయ్యాయో ఇప్పుడు ఆరే సెబుతారు, ఇనండి" అన్నాడు. నాయకుడు నీళ్లు నమిలి, అభివృద్ధి గురించి ఏదో మాట్లాడి కారెక్కేశాడు. నేను ఆ జనంలో ఉన్నాను. మా రాజకీయాల్లో నేను కళ్లారా చూసిన ధైర్యం అదొక్కటే, అదీ ఏ జెండా లేని మనిషిది.

ఆ తర్వాత ఏ పార్టీ ఆయన్ని పిలవలేదు. పిలిచే అవసరమూ లేకపోయింది. కుళాయిలిస్తామన్న మొదటి ప్రచారంలోనే ఆయన గొంతు క్యాసెట్టుకెక్కించి దాచుకున్నారు. మనిషిని వద్దన్నవాళ్లు ఆ గొంతును మాత్రం ఊరూరా తిప్పారు. మళ్లీ గెలిచారు. పైపులు కదల్లేదు.

చివరికి మావకీ ఆ జబ్బే వచ్చింది. డయాలసిస్ కోసం విశాఖ రైలెక్కాలి. చుట్టూ కొబ్బరితోటలే, బొండాం ముట్టుకోవద్దన్నారు డాక్టర్లు. నీళ్లు కూడా కొలుచుకుని తాగమన్నారు. ఈసారి ప్రచారం మొదలయ్యాక, మంచం మీదున్న ఆయనకు వీధిలోంచి తన గొంతే వినబడింది. నన్ను పిలిపించాడు.

"ఒరే అబ్బీ, నాను లెగలేకపోతన్నాను, నా గొంతుక ఊరంతా తిరిగి అబద్ధాలాడతంది. ఆపించరా" అన్నాడు.

వెళ్లి అడిగాను. ప్రచారం చూసుకునే పెద్దమనిషి నవ్వాడు. "గొంతు ఆయనదే గానీ, క్యాసెట్టు మాది కదండీ" అన్నాడు. ఒళ్లు మండి బ్లాగులో రాశాను. చదువుతుంటే కన్నీళ్లొచ్చాయని మీలో చాలామంది కామెంట్లు పెట్టారు. మీ కన్నీళ్లకు రుణపడి ఉంటాను. ఆ ఆటో మాత్రం ఆగలేదు.

మావ పోయిన రోజున నాయకుడు పూలదండతో వచ్చాడు. ఫొటోలు తీయించుకుని, మా పార్టీ గొంతు మూగబోయిందన్నాడు. ఆయన ఏనాడూ వీళ్ల గొంతు కాదు. ఆ గొంతును వీళ్లు మూగబోనిచ్చిందీ లేదు. మర్నాడే ఆ ఆటో మా వీధిలోకొచ్చింది.

మావ భార్య గుమ్మంలో కూర్చుని ఉంది. బోరింగు దగ్గర ఆడవాళ్లు బిందెలు వదిలేసి నిలబడిపోయారు. నేను ఆటోకి అడ్డం వెళ్లబోతే అత్త నా చెయ్యి పట్టుకుంది. "ఉండు నాయనా, సివరాకరి మాట రానీ" అంది. కుళాయిలిస్తామంది ఆ గొంతు. మీ అమూల్యమైన ఓటు అంది. ఆ తర్వాత, ఎవరూ రాసివ్వకపోయినా అలవాటుకొద్దీ క్యాసెట్టులో కూడా పలికేసిన మాట వచ్చింది.

"పిల్లలూ, ఆటో ఎనకాతల పరిగెట్టకండి, పడిపోతారు."

"అదొక్కటే మీ మావ మాట" అంది అత్త.

ఆటో వెంట పరిగెడుతున్న పిల్లలు ఆ మాటకి టక్కున ఆగిపోయారు. ఆటో కొబ్బరితోటల మలుపు తిరిగి కనబడకుండా పోయింది. పిల్లలు మాత్రం కదలకుండా, ఆ దుమ్ములో, ఆయన ఆగమన్న చోటే నిలబడి ఉన్నారు.